ఆరు లాగుళ్ళ మాట

ఆరోగ్యం బాగాలేక తనంతట తానే పని మానుకుందట! పోయిన ఆదివారం నెల్లూరులో, ఆరాధన అయ్యాక, మైకు పట్టుకుని మా మిషన్ బళ్ళ కరస్పాండెంటుగారు ఈ మాట అన్నారు. సూళ్ళూరుపేటలో ఆమె పోయి అప్పటికి పది రోజులైంది. "మన సముద్రపు ఒడ్డు బడిలో చాలాకాలం సేవ చేసిన సహోదరి ప్రభువునందు నిద్రించింది. ఆరోగ్యం సహకరించక తానే సెలవు పుచ్చుకుంది. ఎంతో వినయవంతురాలు. అందరూ ఒక నిమిషం లేచి నిలబడండి" అన్నారు. అందరూ లేచారు. నేను లేవలేదు. పక్కావిడ మోచేత్తో పొడిచింది. మోకాళ్ళ నొప్పి అన్నాను. నాకింకా ముప్పయ్యొకటి నిండలేదు, మోకాళ్ళు రాళ్ళలాగా ఉన్నాయి.

ఆయన అబద్ధమాడితే ఆడారు, పెద్దమనిషి, అలవాటైన పని. విన్నవాళ్ళలో సగంమందికి నిజం తెలుసు. వాళ్ళంతా తలలు వంచుకుని భక్తిగా నిలబడ్డారు చూడండీ, అది నాకు అన్నం సయించకుండా చేసింది. అందుకే రాస్తున్నాను. ఆమె పేరు మాత్రం రాయను. బతికుండగా ఆ పేరును హాజరు పట్టీలోంచి కొట్టేసినవాళ్ళకు ఇప్పుడది చదువుకునే హక్కు లేదు.

ఆమెను మొదట చూసింది తొమ్మిదేళ్ళ కిందట. నయాపైసలు వచ్చి కొన్నేళ్ళయినా మైపాడు బస్సులో కండక్టరు ఇంకా అణాల లెక్కే అరుస్తున్న రోజులు. ట్రెయినింగు పాసైన సర్టిఫికెట్టు ట్రంకుపెట్టెలో భద్రంగా పెట్టుకుని బస్సు దిగి, ఇసకలో మైలు దూరం కాళ్ళీడ్చుకుంటూ ఆ పాళెం చేరాను. తాటాకు కప్పు, మట్టి గోడలు. అదీ మా మిషన్ బడి. లోపలికి తొంగిచూస్తే ఇరవైమంది పిల్లలు ఒక పాత మోకు పట్టుకుని వరసగా నిలబడి, ఒక్కో అడుగే వెనక్కి వేస్తూ కేకలు పెడుతున్నారు. వాళ్ళ వెనక పొడుగ్గా, బక్కగా, తెల్లచీర కట్టుకున్న ఒకావిడ తనూ మోకు పట్టుకుని లాగుతోంది. యాభై దగ్గర పడ్డ మనిషి.

"ఇదేమిటండీ, డ్రిల్లు పీరియడా?" అన్నాను.

"డ్రిల్లు కాదమ్మాయ్, ఇంగిలీసు" అంది. "కొత్త టీచరువా? చెప్పులు ఆడ వదిలేసి రా. వచ్చి మోకు పట్టుకో."

నేను పట్టుకోలేదు. సెకండరీ గ్రేడు పాసైనదాన్ని, తాడు లాగడానికా వచ్చింది అనుకున్నాను. అప్పుడు నాకు తల పొగరు జాస్తి.

ఆ ఊళ్ళో తెల్లారితే మగవాళ్ళు చేసే పనినే ఆమె బళ్ళోకి తెచ్చుకుంది. అలివి వలను పడవమీద తీసుకుపోయి సముద్రంలో చుట్టూ వేసి, రెండు కొసల మోకులూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో మోకుకూ బోలెడుమంది నిలబడతారు. ఒకడు కేక వేస్తే అందరూ కలిసి ఒక్క లాగుడు, ఒక్క అడుగు వెనక్కి. పొడుగాటి ఇంగ్లీషు మాట కూడా అంతేననేది ఆమె. మాటను ముక్కలు చెయ్యాలి, ముక్కకో లాగుడు వెయ్యాలి.

"అన్ని ముక్కలకీ ఒకే బలం పెట్టబాకండిరా నాయనా" అనేది పిల్లలతో. "బరువంతా ఒక్క కాడే ఉంటాది. మిగతాయి చేతులు మార్చుకునేదానికే. ఆ బరువు యాడుండాదో ముందు చూసుకోండి, ఆడ ఒంగి లాగండి."

ఒడ్డున ఇంకో కట్టుబాటు ఉంది. లాగేవాళ్ళలో ఎవడైనా కాలు జారి పడితే మిగతావాళ్ళు తమ పాటికి తాము లాక్కుపోరు. బిగబట్టి ఆగుతారు. వాడు లేచి మోకు పట్టుకున్నాక కేక మళ్ళీ మొదలు. ఆమె బళ్ళోనూ అదే కట్టుబాటు. ఎవరైనా మాట మధ్యలో తడబడితే నవ్వకూడదు, వెనకనుంచి అందించకూడదు. అందరూ లేచి నిలబడాలి, మోకున్నా లేకపోయినా చేతులు మోకు పట్టినట్టు పట్టాలి, ఆ మాటను మొదటి ముక్క నుంచి కలిసి లాగాలి. తడబడినవాడి గొంతు వాళ్ళ గొంతులో కలిసేదాకా మళ్ళీ లాగాలి. "జారినోణ్ణి ఇసకలో వదిలేసి లాగితే వలా రాదు, చేపా రాదు" అనేది. ఆ తర్వాత ఎవరు తడబడ్డారన్న ప్రస్తావనే ఉండేది కాదు.

బళ్ళో ఒక కుర్చీ ఉండేది. ఆమె దానిమీద కూర్చోగా నేను చూడలేదు. పిల్లల సద్ది గిన్నెలు కుక్కలకు అందకుండా దానిమీద పెట్టేది. కళ్ళజోడు కాడ ఒకటి విరిగితే వల అల్లే దారం కట్టుకుని చెవికి తగిలించుకుంది. జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు ముక్క. రోజుకు నాలుగుసార్లు "నా పెన్సిలు యాడరా?" అని వెతికేది. పిల్లలు కూడా ఏమీ తెలియనట్టు చాపలెత్తి, పలకలెత్తి వెతికేవాళ్ళు. ఆమెకు తెలిసే అడుగుతోందని నాకు ఆర్నెల్లకు గానీ అర్థం కాలేదు.

ఆ ఇంగ్లీషు ఆమెకెక్కడిదని అడిగితే ఒక రోజు చెప్పింది. చిన్నతనంలోనే మొగుడు పోతే మిషన్ బంగళాలో ఆయాగా చేరింది. అక్కడి ముసలి దొరసానికి చూపు మందగిస్తే, సాయంత్రాలు ఇంగ్లీషు చదివి వినిపించడానికి మనిషి కావాల్సివచ్చింది. ఆవిడే అక్షరాలు నేర్పి, పొడుగు మాటలను పెన్సిలు గీతలతో ముక్కలు చేసి ఇచ్చి, పదకొండేళ్ళు చదివించుకుంది. ఒక్క ముక్క తప్పు పలికినా దొరసాని చేతికర్రతో నేలమీద కొట్టేదట.

"నాకు సర్టిఫికెట్టు లేదుగానీ చెవులుండాయమ్మాయ్" అంది.

ఊళ్ళోకి టెలిగ్రామ్ వస్తే పోస్టుమాను ముందు బడి దగ్గరకే వచ్చేవాడు. అతనికి ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం వచ్చు, పొడుగు మాట వస్తే చెమటలు పట్టేవి. ఈమె కాగితం లాక్కునేది కాదు. పక్కన నిలబడి అతనితోపాటు మెల్లిగా మొదటి ముక్క నుంచి అనేది. మాట పూర్తయ్యేసరికి చదివింది అతనే అయ్యేవాడు. "టీచరమ్మతో కలిసి అంటే నాలిక తడారదమ్మా" అనేవాడు. ఒక్కనాడూ నొచ్చుకోలేదు.

నేను నొచ్చుకున్నాను. చేరిన రెండో నెలలో ఆఫీసు నుంచి ఒక సర్క్యులరు వస్తే, పిల్లల ముందు గొప్పగా నిలబడి గట్టిగా చదవబోయాను. అందులో ఎక్లీజియాస్టికల్ అని, సంఘపరిపాలనకు సంబంధించిన ఒక ఇంగ్లీషు మాట, చాంతాడంత ఉంది. "ఎక్లి" అని ఆగిపోయాను. ఇరవైమందీ లేచారు. "ఎక్, క్లీ, జి, యాస్, టి, కల్!" అని లాగారు. నా చెంపలు మండిపోయాయి. ట్రెయినింగైన టీచరుని వేలెడంత పిల్లలు వెక్కిరిస్తారా అని బెత్తం అందుకోబోయి వాళ్ళ మొహాలు చూశాను. ఒక్క మొహంలోనూ నవ్వు లేదు. చేతులు బిగించి, అడుగు వెనక్కి వేసి, నా నోటికేసే చూస్తున్నారు, ఎప్పుడు పట్టుకుంటానా అని. రెండోసారి నేనూ వాళ్ళతో అన్నాను. వచ్చింది. వాళ్ళు కూర్చుని తమ పని తాము చూసుకున్నారు. ఆ వెక్కిరింత వెక్కిరింత కాదని నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద లేరు. ఈ సంగతి ఇక్కడ గట్టిగా రాసిపెడుతున్నాను, చెప్పాల్సిన రోజున చెప్పలేదు కాబట్టి.

నేను చేరిన రెండో ఏడు నెల్లూరు సంఘంలో రెండు వర్గాలూ రాజీపడ్డాయి. గుడి తాళంచెవులు ఎవరి దగ్గరుండాలన్నదాని మీద ఏళ్ళ తరబడి కోర్టుకెక్కిన పుణ్యాత్ములు వాళ్ళు. రాజీ అయిందని పెద్ద కూడిక పెట్టారు. విదేశం నుంచి ఒక దొరగారు అతిథి. వేదిక వెనక పొడుగాటి గుడ్డమీద ఇంగ్లీషులో ఒకే ఒక్క మాట రాయించారు, రెకన్సిలియేషన్ అని. విడిపోయినవాళ్ళు మళ్ళీ కలవడమని దానికి అర్థం. మా బడి పిల్లలు పాట పాడాలని కబురొచ్చింది.

పాటతోపాటు ఆమె ఆ మాటను కూడా వారం రోజులు నేర్పింది. రె, కన్, సి, లి, ఏ, షన్. ఆరు లాగుళ్ళు. బరువు అయిదోదానిమీద. "టౌనోళ్ళు నాలుగో ముక్కని మింగేస్తారు. మింగితే అయిదోదానికి కాలు ఆనదు" అని జాగ్రత్త చెప్పింది.

"పాటకు ఈ మాటతో పనేముందక్కా?" అన్నాను. అప్పటికి అక్కా అని పిలవడం అలవాటైంది.

"గుడ్డమీద ఏముండాదో చదవలేని పిలకాయల్ని ఆ గుడ్డకింద నేను నిలబెట్టను" అంది. "వాళ్ళేమన్నా మామిడాకు తోరణమా?"

కూడిక రోజున తల్లులు పిల్లలకు నూనె రాసి తలలు దువ్వి బస్సెక్కించారు. కొందరు తామూ వచ్చారు. మా పిల్లల్ని వేదిక ముందు నేలమీద కూర్చోబెట్టారు. పాట అయింది. కరస్పాండెంటుగారు కోటు సర్దుకుని లేచారు. ఆయన తెలుగులో మాట్లాడితే ఎవరూ కదలరు, అంత బాగా మాట్లాడతారు. ఆ రోజు దొరగారి కోసం ఇంగ్లీషు ఎత్తుకున్నారు. నాలుగు వాక్యాలు బాగానే నడిచాయి. గుడ్డమీద మాట వచ్చింది. "రీకాన్" అని ఆగారు. దగ్గారు. "రీకాన్సిల్" అని మళ్ళీ ఆగారు. గ్లాసెత్తి నీళ్ళు తాగారు.

మా పిల్లలు లేచారు. కూర్చోమని నేను సైగ చేసేలోపే ఇరవైమందీ చేతులు బిగించి, ఒక్కడుగు వెనక్కి వేసి మొదలుపెట్టారు. "రె! కన్! సి! లి! ఏ! షన్!" అని ఆగి, ఆయన మొహంకేసి చూశారు. ఆయన తమతో అనాలి కదా మరి! ఆయన అనలేదు. నోరు తెరిచి నిలబడ్డారు. పాపం, ఇంకా లేవలేదనుకుని పిల్లలు మళ్ళీ మొదటినుంచి లాగారు. ఆయన గొంతు వినపడకపోయేసరికి మూడోసారి. మూడోసారికి దొరగారు పకపకా నవ్వి చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వగానే కుర్చీలన్నీ నవ్వాయి. నాలుగేళ్ళుగా ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు వర్గాలవాళ్ళూ ఒకరి భుజంమీద ఒకరు పడి నవ్వారు. పిల్లలు బిత్తరపోయి చూశారు. జారిపడినవాణ్ణి చూసి అంతమంది పెద్దవాళ్ళు నవ్వడం వాళ్ళు ఎన్నడూ చూసి ఎరగరు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆ శుక్రవారమే బంగళా వసారాలో కమిటీ కూర్చుంది. నన్నూ పిలిచారు. అయిదుగురు పెద్దమనుషులు. నాకు కుర్చీ వేశారు, ఆమెను నిలబెట్టారు. ఇరవై రెండేళ్ళ నన్ను మీరు అన్నారు, ఆమెను నువ్వు అన్నారు. అదంతా చూస్తూ నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను.

"నన్ను పదిమందిలో నవ్వులపాలు చెయ్యడానికి వాళ్ళకి ఎన్నాళ్ళు తర్ఫీదిచ్చావు?" అని అడిగారు కరస్పాండెంటుగారు.

"అయ్యా, నవ్వింది మా పిలకాయలు కాదయ్యా" అంది. "కుర్చీల్లో కూచున్నోళ్ళు నవ్వినారు. మా పిలకాయలు మీకు చెయ్యందించినారు. మీరు జారినారని లేసినారు."

"నేను జారానా?"

ఆమె మాట్లాడలేదు. అబద్ధం చెప్పడం రాక మాట్లాడలేదు. అది ఆయనకు ఇంకా మండింది. షరతు చెప్పారు. పిల్లలందరూ వచ్చి వరసగా నిలబడి, వెక్కిరించాం, తప్పయింది, క్షమించండి అని చెప్పాలి. తానే అలా నేర్పానని ఆమె కాగితంమీద సంతకం పెట్టాలి. పెడితే బడి ఆమెదే. లేకపోతే సోమవారం నుంచి రానక్కర్లేదు. పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం! వెనకాముందూ ఎవరూ లేని మనిషి. బడి వెనక గదే ఆమె ఇల్లు, ఆ పిల్లలే ఆమె సంసారం. ఇది ఆ అయిదుగురికీ తెలుసు.

"సంతకం కాదయ్యా, కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటా" అంది. "నా తరపున ఎన్నిసార్లయినా అడుగుతా. పిలకాయల చేత మాత్రం అడిగించను. పడినోడికి చెయ్యియ్యడం తప్పని ఈరోజు నా నోటితో చెప్తే, రేపు ఎవురు పడినా వాళ్ళు నిలబడి చూస్తారు. అది నాకు చేతగాదయ్యా."

అప్పుడు కరస్పాండెంటుగారు నావైపు తిరిగారు. ఎంత మర్యాదగా తిరిగారో! "మీరు ట్రెయినింగైనవారు. ఈ తాడు లాగే పద్ధతి ఏ ట్రెయినింగు స్కూల్లోనైనా నేర్పుతారా?"

చెప్పాల్సింది చాలా ఉంది. నేర్పరండీ, నేర్పకపోవడం వాళ్ళ ఖర్మ అనొచ్చు. నేను తడబడితే నాకూ ఇలాగే లాగారండీ, మీకు చేసింది అందరికీ చేసేదేనండీ అనొచ్చు. ఆ ఒక్క మాట చాలు, వెక్కిరింత అన్న అభియోగం అక్కడే చచ్చేది. ఆమె నావైపు చూస్తోంది, కంగారేమీ లేకుండా. నేను చెప్తానని ఆమెకు నమ్మకం.

"నేర్పరండి" అన్నాను. అని కుక్కిన పేనులాగా కూర్చున్నాను.

వాళ్ళకు అంతే కావాలి. వరసలో ఒకాయన రాసుకున్నాడు. కరస్పాండెంటుగారి అబద్ధాన్ని ఇప్పుడు తిడుతున్నాను సరే, నేను ఆ రోజు చెప్పింది నిజమే. ఆ నిజానికి ఏ నరకం సరిపోతుందో నాకు తెలియదు. సోమవారం నుంచి బడి నాది.

ఆదివారం పొద్దున ఆమె పెట్టె సర్దుకుంటుంటే వెళ్ళాను. "అక్కా" అన్నాను. తిట్టినా బాగుండేది. చీర మడత పెడుతూ, "రెండో వరసలో కూచునే పిల్ల ఉండాదే, దానికి ఎడం చెవి వినపడదు. ముందరికి తెచ్చి కుడివైపు కూచోబెట్టు. అడిగితే వినపడతా ఉండాదనే చెప్తాది, నమ్మబాక" అంది. గొడుగు తీసుకుని బస్సుకోసం ఇసకలో నడిచిపోయింది. సూళ్ళూరుపేటలో ఎవరో దూరపు బంధువుల ఇంట్లో చేరి, ఆస్పత్రిలో ఆయాగా చేసిందని తర్వాత విన్నాను. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి వెళ్ళి చూడలేదు నేను. రైలెక్కితే గంటన్నర ప్రయాణం.

బళ్ళో తాడు కనపడకూడదని ఉత్తర్వు వచ్చింది. మోకు ఎవరిదో వాళ్ళకిచ్చేశాను. ఎవరైనా తడబడితే ఎవరూ లేవకూడదని పిల్లలకు చెప్పింది కూడా నేనే. ఎందుకని ఒకడు అడిగాడు. పద్ధతి కాదు అన్నాను.

నెల తిరక్కముందే ఒకరోజు ఆ చెవి వినపడని పిల్లను లేపి పాఠం చదవమన్నాను. ముందు వరసలోకి తెచ్చానులెండి, ఆ ఒక్క పనీ చేశాను. ఏనుగుకు ఇంగ్లీషు మాట దగ్గర ఆగింది. "ఎలి" అని నిలబడిపోయింది. నలుగురైదుగురు పిల్లలు సగం లేచి, నావైపు చూసి, కూర్చున్నారు. నేను పుస్తకంకేసి చూస్తున్నాను. ఆ పిల్ల అటూ ఇటూ చూసింది, ఎవరైనా మొదలుపెడతారేమోనని. వెనకనుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. ఆ బళ్ళో అలాంటి నవ్వు వినడం అదే మొదలు. వాడు నవ్వగానే ఇంకొకడు, ఆ తర్వాత అందరూ. బెత్తం తీసుకుని నవ్వినవాణ్ణి వాతలు తేలేట్టు కొట్టాను.

మర్నాడు ఆ పిల్ల రాలేదు. మూడో రోజున వెతుక్కుంటూ ఇంటికి వెళ్ళాను. తల్లి ఇసకలో చేపలు ఎండబోస్తోంది. పిల్ల పక్కనే కూర్చుని కాకుల్ని తోలుతోంది, నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"ఏమ్మా, పిల్లను పంపడం లేదే?" అన్నాను.

తల్లి చేతులు దులుపుకుని మర్యాదగా లేచి నిలబడింది. ఆమె గొంతులో కోపం లేదు, నిష్ఠూరం లేదు. "ఏం పంపేదిలేమ్మా. మా బిడ్డకి చదువు రాదని ఇప్పుడే తెలిసింది మాకు. ఆ యమ్మ ఉన్నన్నాళ్ళూ తెలవనే లేదు" అంది.